సౌండు తీసేసిన సినిమా

టీచరుకూ పక్కింటి నర్సుకూ ఈమధ్యే పాత సినిమాల పిచ్చి పట్టుకుంది. అత్తగారి మధ్యాహ్నపు కునుకు చెడకూడదని టీచరు సౌండు తీసేసేది. మాటల లోటు నర్సు తీర్చేది. హీరో మీసం కదిలితే చాలు, "వదినా, వీడికి ఆకలేస్తోందట" అని గొంతు మార్చి చెప్పేది. టీచరు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఆ రోజు తెర మీద భర్త గడియ వేసి భార్య వైపు తిరిగాడు. నర్సు గొంతు సన్నగా, తీయగా మారింది.

"ఊరెళ్లిందని చెబుతాను. నీ కోసం ఎవరొచ్చి అడుగుతారే?"

తెర మీద భర్త ఇంకా నోరు విప్పనే లేదు. టీచరుకు నవ్వు రాలేదు.

"ఎవరన్నారు వదినా ఆ మాట?"

"సినిమాలో వాడే, ఇంకెవరు?" అంది నర్సు, చూపు తిప్పకుండా.

ఇంతలో ఎవరో వీధి తలుపు తట్టారు. "మా ఆవిడ ఉందాండీ? రేపట్నుంచి సినిమాలకు రాదు, ఊరెళ్తోంది" అన్నాడు నర్సు భర్త బయటనుంచి. అచ్చం అదే గొంతు.

నర్సు లేవబోయింది. టీచరు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "తను ఇవాళ రాలేదండీ" అంది.



"మరి చెప్పులు ఇక్కడే ఉన్నాయే" అన్నాడాయన.