అద్దం మీది బిళ్లలు

ఉదయం ఏడున్నరకు ఆ గేటు ముందు నూటపన్నెండు మంది స్త్రీలు అరచేతులు పైకి తిప్పి వరుసలో నిలబడి ఉన్నారు. కాపలావాడు ఒక్కొక్కరి వేళ్లు పట్టుకుని, కూరగాయల అంగట్లో బెండకాయలు ఏరినట్టుగా తిప్పి చూస్తున్నాడు. తోలు పగిలిన వేళ్లు కనబడితే మెడలోని గుర్తింపు కార్డు తెంపి పక్కనున్న బుట్టలో వేస్తున్నాడు.

వడమాలపేట దాటి పుత్తూరు దారిలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో టీవీల లోపల బిగించే పచ్చ సర్క్యూట్ బోర్డులు తయారవుతాయి. అక్కడ ఊడ్చే పని చేసే సిద్ధమ్మ, ఒకప్పుడు తిరుపతిలో నేను పాఠాలు చెప్పిన బడిలో ఆయా. "గోడకి ఇంగ్లీసు కాయితం అంటించినారు టీచరమ్మా, మీరొచ్చి సదివి పెట్టాల" అని ఫోను చేసింది. అందుకే మొదటి బస్సుకు వెళ్లాను.

కాగితంలో మూడే వాక్యాలు. సరిహద్దు వివాదం కారణంగా చైనా సరుకుపై ప్రభుత్వం విధించిన ఆంక్షలను కంపెనీ శిరసావహిస్తున్నది. అందువలన ముడిసరుకుకు కొరత ఏర్పడినది. దేశ ప్రయోజనాల దృష్ట్యా కొందరు సిబ్బందిని తగ్గిస్తున్నాము.

నేను చదివి తెలుగులో చెప్పేసరికి లోకేశ్వరి వంతు వచ్చింది. ఇరవై ఆరేళ్ల మనిషి. నాలుగేళ్లుగా అక్కడ పని చేస్తున్నది. ఆమె చాపిన వేళ్ల కొనలు ఉడికిన దుంప పొట్టులా లేచిపోయి ఉన్నాయి.

"ఈ సేతులతో బోర్డు ముట్టుకుంటే మరకలు పడతాయమ్మా," అన్నాడు కాపలావాడు తలెత్తకుండా.

"ఈ సేతులు ఎవురు పాడు సేసినారో నీకు తెల్దా అన్నా?"

కార్డు బుట్టలో పడింది.

కూలీలను కుదిర్చే కాంట్రాక్టరు హరినాథ్ మెట్ల మీదికి వచ్చాడు. తెల్ల చొక్కా, దాని జేబు మీద చిన్న జెండా బిళ్ల.

"సూడండమ్మా, ఆడ మంచుకొండల్లో మన సైనికులు ప్రాణాలిస్తా ఉండారు. దేశం కోసం మనం ఈడ ఒక ఉద్యోగం ఇయ్యలేమా?"

"నీది ఇచ్చినావా అప్పా?" అన్నది వెనుక నుంచి ఒక గొంతు.

వరుసంతా నవ్వింది. ఆ నవ్వు రెండు కార్డుల కంటే ఎక్కువ సేపు నిలవలేదు. ఎనిమిది గంటలకు గేటు మూసేసరికి నలభై ముగ్గురు బయట మిగిలారు.

*

ఎదురుగా మూతపడిన మామిడిగుజ్జు షెడ్డు ఒకటి ఉంది. ఆ మధ్యాహ్నం నలభై ముగ్గురూ అక్కడ బోర్లించిన ప్లాస్టిక్ ట్రేల మీద కూర్చున్నారు. లోకేశ్వరి తమ్ముడు గుణశేఖర్ తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాడు, ఆర్థికశాస్త్రం. అందరూ అతను తమ తరఫున మాట్లాడతాడనుకున్నారు.

"అక్కా, నీకు కోపమొస్తే రానీ. నిషేధం తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను. మన నేలని తనదని పటం గీసుకున్నోడికి మన దుడ్డు ఎందుకియ్యాల? వాని సరుకు కొంటే వాని తుపాకికి మందు కొనిచ్చినట్టే."

"నీ జేబులో ఉండే ఫోను యాడిదిరా?" అన్నది ఒక పెద్దామె.

అతను ఫోను బయటికి తీసి, వెనక తిప్పి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అదే సెప్తా ఉండా పిన్నమ్మా. ఒక్క దినంలో అయ్యే పని కాదు. కొన్నాళ్లు కష్టం పడాల."

"ఎవురు పడాల?"

గుణశేఖర్ నా వైపు చూశాడు.

ముప్పై ఏళ్లు పిల్లల చేత దేశపటం గీయించినదాన్ని నేను. ఉత్తరాన ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు గట్టిగా పట్టుకోండి అని చెప్పేదాన్ని. ఒక రాజ్యం తన నేల కోసం వ్యాపారాన్ని ఆయుధంగా పట్టడం అన్యాయమని ఇప్పటికీ అనను. తుపాకుల కంటే అది మేలు. అయితే కత్తి ఎత్తినవాడు దాని పదును ఎటువైపు ఉందో చూసుకోవాలి. శత్రువు వైపు మొద్దుగానూ లోకేశ్వరి వైపు వాడిగానూ ఉన్న కత్తికి దేశభక్తి అని పేరు పెట్టడానికి నా నోరు రాదు. అదే అక్కడ చెప్పాను.

"అది మొద్దని మీరెట్లా సెప్తారు మేడమ్? సరుకు ఆగింది గదా," అన్నాడు గుణశేఖర్.

అప్పుడే పని దిగి వచ్చిన సిద్ధమ్మ చీపురు గోడకు ఆనించింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు. సరిగ్గా ఆ మంచులోనే. అందుకే ఆమె నోరు తెరిచేసరికి అందరూ ఆమె వైపు తిరిగారు.

"నా బిడ్డ ఆడ ఉండాడు. ఫోను సేస్తే, అమ్మా, కాళ్లు నావో కావో తెల్డంలే అంటాడు. వాని కోసం పస్తుండమంటే ఉంటా. నన్ను పని మానుకోమన్నా మానుకుంటా. అయితే సరుకు నిజంగా ఆగిందా లేదా, ముందు అది సెప్పండి నాకు."

లోకేశ్వరి లేచింది.

"యాడ ఆగింది అత్తా? అదే సరుకు. పెట్టె మారింది, ఓడ మారింది. ఇంకో దేశం సుట్టు తిరిగొస్తా ఉండాది. చైనా పేరుండే బిళ్ల గీకి, కొత్త బిళ్ల అంటించింది ఎవురు? మనమే గదా! మూడు నెల్లు థిన్నరులో గుడ్డ ముంచి గీకలేదా?"

షెడ్డులో ప్రతి స్త్రీ తన వేళ్లు చూసుకున్నది.

గుణశేఖర్ ముఖం పాలిపోయింది. "నాకెందుకు సెప్పలేదక్కా?"

"బయట నోరు తెరిస్తే కేసు పెడతామని సంతకం పెట్టించుకున్నారు. నువ్వేమో పొద్దున లేస్తే ఆ నిషేధం మింద ఉపన్యాసం. ఎట్లా సెప్పేది?"

అప్పుడు లెక్క తేలింది. చుట్టు తిరిగి రావడం వల్ల సరుకు ప్రియమైంది. యజమాని బోర్డు ధర పెంచాడు. స్వదేశీ తయారీదారుడనే గౌరవమూ, దానితో పాటు రాయితీలూ పొందాడు. గీకి గీకి చెడిన వేళ్లను బయటికి తోసి, పూతలపట్టు వైపు నుంచి కొత్త వేళ్లను బస్సులో తెప్పిస్తున్నాడు. పొరుగు దేశానికి ఒక్క గాటు పడలేదు.

"గీకిన బిళ్లలు ఏమయ్యాయి?" అని అడిగాను.

"డ్రమ్ములో వేసి కాల్చమన్నారు." లోకేశ్వరి తల వంచుకుని, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "కొన్ని కాల్సినాం. కొన్ని... అద్దానికి అంటించినాం టీచరమ్మా."

"ఏ అద్దానికి?"

"ఆడోళ్ల మరుగుదొడ్డి అద్దానికి."

మన ఇళ్లలో ఏ స్త్రీ అయినా తీసిన బొట్టుబిళ్లను పారేయదు. చేయి దానంతట అదే అద్దం అంచుకు పోతుంది. ఈ బిళ్లలూ గుండ్రంగా, వేలిగోరంత ఉండేవట. ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు వేలికి అంటుకుని వచ్చినదాన్ని వచ్చినట్టే అద్దానికి అద్దారు. ఎవరూ ఆలోచించి చేసిన పని కాదు.

సిద్ధమ్మ నెత్తి కొట్టుకున్నది. "నేనూ తుడవకుండా వదిలేసినా! బొట్టుబిళ్లలు గీకితే మంచిది కాదని! ఇప్పుడు ఆ అద్దంలో మొగం సూసుకోను అంగుళం జాగా లేదు తల్లీ!"

నలభై ముగ్గురూ నవ్వారు. పని పోయిన రోజున, కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేటట్టు నవ్వారు. గుణశేఖర్ ఒక్కడే నవ్వలేదు.

"అక్కా," అన్నాడు, "ఆ అద్దం బయటికి రావాల."

*

మర్నాడు భోజనాల గంట కొట్టగానే, సిద్ధమ్మ చేరవేసిన మాట మేరకు లోపల మిగిలిన అరవై తొమ్మిది మంది బోర్డులు బిగించే తమ స్క్రూడ్రైవర్లతోనే ఆ అద్దాన్ని గోడ నుంచి ఊడదీశారు. సిద్ధమ్మ ముందు నడిచింది. కాపలావాడు తేరుకునేలోగా అద్దం గేటు దాటింది. అవతల నలభై ముగ్గురూ చేతులు చాచి దాన్ని అందుకున్నారు.

నేను దగ్గరగా చూశాను. ఎండ పడినా ఆ అద్దం మెరవలేదు. నాలుగు అంచుల నుంచి నడిమి దాకా బిళ్ల పక్కన బిళ్ల. ప్రతి దాని మీదా సన్నటి అక్షరాలలో చైనా పేరు. గుణశేఖర్ ఫోను ఎత్తి వీడియో తీస్తూ పోయాడు.

"ఏం కావాల మీకు?" హరినాథ్ పరుగెత్తుకుని వచ్చాడు.

"మా నలభై మూడు కార్డులు," అన్నది లోకేశ్వరి. "సరుకు కొరత లేదు. ఇదిగో సాచ్చికం."

అరగంటలో జీపు వచ్చింది. ఎస్సై దిగి అద్దం చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని మీద ఏమున్నదని అతను అడగలేదు. అద్దం ఎవరిదని అడిగాడు.

"కంపెనీది సార్. దొంగతనంగా ఊడబెరుక్కోని వచ్చినారు," అన్నాడు హరినాథ్.

"ఎవరు ఊడదీసింది?"

సిద్ధమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. హరినాథ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. అయినా ఆ మాట నాకు వినిపించింది.

"గమ్మునుండు సిద్ధమ్మా. అమ్మ మింద దేశద్రోహం అని కేసు పడితే కొడుకు ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకో."

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు. నేల వైపు చూసింది. ఎవరూ ఆమెను నిందించలేదు. ఎవరూ ఆమె వైపు చూడనూ లేదు.

"నేనే తీసినా," అన్నది లోకేశ్వరి. "పదండి."

జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "తమ్ముడూ, అమ్మకి మెల్లిగా సెప్పు," అన్నది. అంతే. దుమ్ము లేచింది.

జీపు మలుపు తిరగగానే హరినాథ్ కాపలావాడిని పిలిచాడు. "థిన్నరు తీస్కరా. ఆ సెత్తంతా గీకేసి అద్దం లోపల పెట్టు."

డబ్బా మూత తీయగానే ఆ ఘాటు అందరి ముక్కులకూ సోకింది. మూడు నెలలు పీల్చిన ఘాటు. స్త్రీలు అప్రయత్నంగా ఒకడుగు వెనక్కి వేశారు. సిద్ధమ్మ వేయలేదు. అద్దం దగ్గరికి పోయి గోటితో ఒక బిళ్ల తీసింది. జిగురు ఎండిపోయింది; అది వేలి మీద నిలవలేదు. ఆమె పక్కనున్న టిఫిను డబ్బాలోంచి ఒక అన్నం మెతుకు తీసి, బిళ్ల వెనక నలిపి, దాన్ని తన నుదుట అద్దుకున్నది.

భర్త పోయిన పదకొండేళ్లుగా ఆ నుదురు బోసిగా ఉంది.

"ఇప్పుడు గీకు నాయనా," అన్నది కాపలావాడితో. "ఈడ పొయ్యి థిన్నరు."

అతను డబ్బా కింద పెట్టేశాడు. అప్పటికే అద్దం మీద వందల వేళ్లు పడ్డాయి. మెతుకుల కోసం డబ్బాలు చేతులు మారాయి. గేటుకు ఇవతలి వారు అవతలి వారి నుదుళ్లకు అద్దారు. ఆఖరి బిళ్ల తీసేసరికి అద్దంలో మొదటిసారిగా ముఖాలు కనిపించాయి.

*

లోకేశ్వరిని ఆ సాయంత్రమే రిమాండుకు పంపారు. కేసు, అద్దం దొంగతనం. గుణశేఖర్ వీడియో ఆ రాత్రికే ఊరూరా తిరిగింది. అధికారులు దాన్ని పరిశీలిస్తామన్నారు. పరిశీలిస్తామన్న మాటకు తేదీ ఉండదు. ఒక్క కార్డూ తిరిగి రాలేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు నూటపదకొండు మంది ఆ గేటు ముందు నిలబడ్డారు. పనిలోంచి తీసేసిన వారూ, తీసేయని వారూ కలిసి. పూతలపట్టు బస్సులో వచ్చిన కొత్త స్త్రీలు దిగి, బిళ్లలు అంటిన ఈ నుదుళ్ల వంక చూసి, ఏమిటని అడిగి, విని, బస్సు పక్కనే నిలబడిపోయారు.

"సేతులు సూపించండి," అన్నాడు కాపలావాడు.

ఒక్క అరచేయీ తెరుచుకోలేదు. నూటపదకొండు జతల చేతులు వీపుల వెనక్కి పోయాయి.

మెట్ల మీది నుంచి హరినాథ్ అరిచాడు. "సేతులు సూపించకుంటే పని లేదు! యాడ పెట్టుకున్నారు మీ సేతులు?"

వరుస ముందు నిలబడిన సిద్ధమ్మ, నిన్న అతని ముందు రాని మాటను ఇవాళ గట్టిగా చెప్పింది.

"జైల్లో ఉండాయి అప్పా. ముందు పొయ్యి తోలుకోని రా."