రవ్వ రాలే గోడ

హుస్సేనీ ఆలంలో కళావతి ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని నల్లా నీళ్లు పట్టడం, రెండోది ముందరి గదిలో గోడ కింద ఊడ్వడం. ఆ గోడ మీద వెలుగుతో ఏ బొమ్మ పడినా దాని రంగులు రవ్వలాగా నేల మీదికి రాలేవి. ఇల్లు కిరాయికిచ్చేనాడే ఓనర్ సాబ్ నల్లా ఎప్పుడొస్తదో, మీటరు ఎక్కడున్నదో చెప్పి, అదే ఊపులో "గోడ మీద బొమ్మలాడిస్తే మీరే ఊడ్చుకోవాలె" అన్నాడు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న బొమ్మల టార్చితో కూతురు స్వీటీ ఆడుకున్న రోజుల్లో, పక్కింటి వరమ్మ చేట పట్టుకొని వచ్చేది. "నీలం పారెయ్యకే కళా, ముగ్గులకు మస్తుంటది" అనేది.

స్వీటీ ఇప్పుడు ఇంటర్‌కొచ్చింది. పుట్టినప్పటినుంచీ దాని చూపు తక్కువ. అరచెయ్యంత అక్షరమైతేనే ఆనుతుంది. పదో తరగతి దాకా కళావతి దవాఖానలో ఆయా డ్యూటీ చేసొచ్చి, పాఠాలన్నీ పలక మీద పెద్దపెద్దగా రాసి చదివించింది. ఇంటర్ పుస్తకాలు పలకకు లొంగలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెద్దగా పడేటట్టు ప్రొజెక్టర్ ఒకటి కొనమని కాలేజీలో మేడమ్ చెప్పింది.

ప్రొజెక్టర్ అంటే కళావతికి వేరే ఆలోచనే లేదు. తమ్ముడు రామ్‌చందర్‌కు సంతోష్‌నగర్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది. తల్లి పోయినప్పుడు వాడు చంటిపిల్లాడు. కళావతే చంకనేసుకొని పెంచింది. తనను చేసుకోవడానికి డానియేలు ఒప్పుకున్నాక, "నాతోని తమ్ముడు గూడ వస్తడు" అని ఒకే ఒక్క షరతు పెట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక రామ్‌చందర్ రెండు మిషిన్లు ఇంటికే తెచ్చాడు. ఒకటి చవక. డబ్బా మీద 'ఫోర్ కే సపోర్ట్' అని ఇంత పెద్దగా రాసి ఉంది.

"గీ రాత జూసే జనం మోసపోతరు అక్కా" అన్నాడు. "సపోర్ట్ అంటే ఏందో తెలుసా? ఫోర్ కే అనే మస్తు సాఫ్ బొమ్మను లోపలికి తీసుకుంటది, గంతే. బయటికి ఇచ్చేది అండ్ల పావు గూడ ఉండదు. గిది జూడు, పేరు చిన్నదే గాని చెప్పినంత ఇస్తది."

చవకది పెడితే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించాయి. గోడ కింద సగ్గుబియ్యమంత గింజలు రాలాయి. రెండోది పెడితే మైదా అంత మెత్తగా తెల్లటి పొడి రాలింది. మంచం మీద కూర్చున్న స్వీటీ ఎవరి సాయం లేకుండా ఒక పేరా మొత్తం గడగడా చదివేసింది. కళావతి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గిదే ఇయ్యి తమ్మీ."

"డెమో పీస్ ఎందుకు? సీల్ దియ్యనిది పంపిస్త. నువ్వేం ఫికర్ జెయ్యకు."

మర్నాడే డబ్బా వచ్చింది. చూడ్డానికి అచ్చం అదే మిషిన్. పెట్టగానే గోడ కింద సగ్గుబియ్యం రాలింది. గోడ చెమ్మెక్కిందేమోనని కళావతి తుడిచి ఆరబెట్టింది. ఫోన్ చేస్తే, "కొత్త పీస్ గదా, సెట్ అయితది అక్కా" అన్నాడు తమ్ముడు. రోజులు గడుస్తున్నా సెట్ కాలేదు. స్వీటీ కణతలు నొక్కుకుంటూ చదివేది. ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉంది మమ్మీ" అనేది.

ఒకనాడు వరమ్మ ఆ గింజలను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఆదివారం పిండి లెక్క రాలిందంటివి గదనే? గిదేంది మరి?"

"నా తమ్ముడు గసొంటోడు గాదు వరమ్మా" అంది కళావతి. ఆ మాట అన్నాక ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. గుప్పెడు గింజలు కొంగున ముడేసుకొని, స్వీటీని వెంటబెట్టుకొని సంతోష్‌నగర్ పోయింది.

దుకాణంలో కౌంటర్ అద్దం మీద గింజలు పోసింది. రామ్‌చందర్ వాటిని చూసి, లేచి తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"పెద్ద పార్టీ అక్కా. అర్జెంటుగ కావాలన్నడు. మంచి పీస్ ఒక్కటే ఉండె. నీకు చవకదాన్నే ఆ మిషిన్ డొల్లల బెట్టి పంపిన. బయటోళ్లకు గిట్ల జేస్తే లొల్లి జేస్తరు. నువ్వయితే మనదానివి గదా!"

"మరి పిల్ల సదువురా?"

"దానికేం దెలుస్తదే? దాని కండ్లకు రెండూ ఒకటే."

కళావతి వెనకనుంచి స్వీటీ అంది: "నాకు మొదటి రోజే తెలిసింది మామా. చెప్తే మమ్మీ నీ గురించి ఏడుస్తదని చెప్పలే."

ఇంటికొచ్చి కళావతి పొయ్యి ముట్టించలేదు. వాడు అబద్ధమాడినందుకు కాదు. ఏది మోసమో తన ఇంట్లోనే కూర్చొని, తనకే విప్పి చెప్పి, మళ్లీ దాన్నే పంపాడు. ఎంత చేసినా అక్క నోరు మూసుకొని ఉంటుందని లెక్కేసుకున్నాడు. అది మింగుడు పడలేదు. డానియేలు బామ్మర్దిని అడిగొస్తానని లేస్తే చెయ్యి పట్టి ఆపింది. "అడిగితే ఇంకో అబద్ధం చెప్తడు. అది గూడ వినాల్నా?"

స్వీటీ మాత్రం ఆ మిషిన్‌తోనే కుస్తీ పట్టింది. ఒక మధ్యాహ్నం తలనొప్పి భరించలేక కళ్లు మూసుకొని, గోడ కింద రాలినదాన్ని చేత్తో పక్కకు తోయబోయి ఆగిపోయింది. నలుపు రాలదు కాబట్టి గోడ కింద పరిచిన చాప మీద పడ్డవి తెల్లటి అక్షరాలే. గింజలు లావు, బరువు. గోడ మీద ఏ వరుసలో ఉన్నాయో చాప మీద కూడా చెదరకుండా అదే వరుసలో పడ్డాయి. వేలికి తలకట్టు తగిలింది, కొమ్ము తగిలింది. స్వీటీ వేళ్లతో లైను చివరిదాకా పోయి, మళ్లీ మొదటికొచ్చి, పైకి చదివింది.

ఆ తర్వాత దానికి తలనొప్పి రాలేదు. ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైంది, డిగ్రీలో చేరింది. జల్‌పల్లి నుంచి చూపులేని ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఆదివారాలు బస్సెక్కి వచ్చి, ఆ గోడ కింద కూర్చొని స్వీటీ దగ్గర చదువుకోసాగారు.

సంగతి తెలిసి రామ్‌చందర్ ఒక సాయంత్రం మంచి మిషిన్ చంకలో పెట్టుకొని వచ్చాడు. ఇంత ఆలస్యమైందేమని ఎవరూ అడగలేదు. తనే తీగలు తగిలించాడు. మెత్తటి పొడి రాలింది, ఫ్యాన్ గాలికి గదంతా లేచింది. స్వీటీ చాప మీద తడిమి చూసి చేతులు దులుపుకుంది.

"గిది అక్కర్లేదు మామా. తీస్కపో."

రామ్‌చందర్ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "జూసినవా అక్కా! నేనిచ్చిందే మంచిగ పనికొచ్చింది. ఊకెనే నన్ను దొంగను జేస్తివి. మొన్న చర్చిల అందరికీ చెప్పిన, మా మేనకోడలి సదువు నేనిచ్చిన మిషిన్‌తోనే నిలబడ్డదని."

అందులో కాదనడానికి ఏమీ లేదు. కళావతి అటక మీదినుంచి చుట్టాలు వస్తే దించే సాసరు కప్పులు దించి, కడిగి, తుడిచి, పళ్లెంలో పెట్టింది. ముందరి గదిలోకి వచ్చి కుర్చీ జరిపింది.

"కూసోండ్రి. చాయ్‌ల చక్కెర ఎంతెయ్యమంటరు?"

ఎవరితో అంటున్నదోనని రామ్‌చందర్ వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో ఇంకెవరూ లేరు.