చల్లారని గాజు

మంటలో తిరుగుతున్న గాజు గొట్టం నారింజ రంగుకు వచ్చి మెత్తబడింది. ఊదుడు బాబాయ్ రబ్బరు గొట్టం కొసను పళ్ళ మధ్య పట్టుకుని ఒక చిన్న ఊపిరి వదిలాడు. గాజు మధ్యలో నిమ్మకాయంత బుడగ లేచింది. రెండో ఊపిరికి కోడిగుడ్డంత అయింది. మూడో ఊపిరి లోపలే ఆగిపోయింది. పొద్దున గడ్డం గీసుకుంటూ తయారుచేసుకున్న వాక్యం అడ్డం పడింది.

"అమ్మాయ్, ఆ రోజు బుడ్డి పగిలింది నీ వల్ల కాదు, నా వల్ల."

పది మాటలు. కూర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. మాటకు రెండున్నర నెలల చొప్పున, నత్తలు కూడా జాలిపడే వేగంతో ఇక్కడిదాకా వచ్చాడు. ఈలోగా బుడగ ఒక పక్కకు జారి బంగాళాదుంపలా తయారైంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పగిలిన గాజు డబ్బాలో పడేశాడు.

పొద్దున భార్య కూడా పట్టేసింది.

"ఏంటి, అద్దంతో మాట్లాడుతున్నారు? అదేమంటోంది?"

"ఏమీ అనట్లేదు."

"తెలివైంది. సరే, టీ అక్కడ పెట్టాను. ఊదకండి, దానంతటదే చల్లారుతుంది. మీరు ఊదితే కప్పు పక్కింట్లో వెతుక్కోవాలి."

ఆ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పై మూడు అంతస్తులూ శాస్త్రవేత్తలవి. నేల కింది గది ఆయనది. పైవాళ్ళు కాగితం మీద ఏ వంకర గీసి పంపినా దాన్ని గాజులో చేసివ్వడం ఆయన ఉద్యోగం. మనిషి పొట్టిగా, సన్నగా ఉంటాడు. బుగ్గలు మాత్రం ఇంకెవరికో చేయబోయి ఈయనకు అతికించినట్టుంటాయి. ముప్పై ఏళ్ళు గాజు ఊది ఊది అలా అయ్యాయని సంస్థంతా నమ్ముతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ముందు లైబ్రరీ చూపించి, తర్వాత ఆ బుగ్గలు చూపిస్తారు. నిజానికి అవి పుట్టుకతో వచ్చినవి. గాజు ఊదడానికి కొవ్వొత్తి ఆర్పేంత గాలి కూడా అక్కర్లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఊరికే వస్తున్న గౌరవాన్ని కాదనడం దేనికని ఊరుకున్నాడు. ఊరుకోవడం అలవాటైతే అది ఎక్కడిదాకా పోతుందో అప్పట్లో తెలియదు.

ఈ మధ్యాహ్నం ఆ అమ్మాయి వెళ్ళిపోతోంది.

తండ్రి క్వారీలో రాళ్ళు కొడతాడు. వాళ్ళ వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. ల్యాబ్ గడప తొక్కిన మొదటి మనిషీ ఆమే. సరిగ్గా అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన కుర్ర శాస్త్రవేత్తల కోసమే ఒక ఫెలోషిప్ ఉంది. మూడేళ్ళపాటు పెద్ద ల్యాబులో సొంతంగా పరిశోధన చేసుకోవచ్చు. అది ఆమెకు వచ్చింది. రావాల్సిన దానికన్నా ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది ఎక్కడికి పోయిందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే. ఆయన ఇప్పుడు కొత్త గాజు గొట్టం తీసుకుని మళ్ళీ మంటలో పెడుతున్నాడు.

అతికించిన గాజును వెంటనే బయటికి తీయకూడదు. ఓవెన్లో పెట్టి రాత్రంతా మెల్లగా చల్లార్చాలి. లేకపోతే లోపల ఒత్తిడి ఉండిపోతుంది, కంటికి కనపడదు. గది మూలన ఉన్న రంగుల పెట్టెలో మాత్రం కనపడుతుంది. రెండు నల్లటి పలకలు, వాటి వెనక ఒక దీపం. మధ్యలో మంచి గాజు పెడితే ఏమీ ఉండదు. ఒత్తిడి ఉన్న గాజు పెడితే ఆ చోట రంగుల చార మెరుస్తుంది.

రెండేళ్ళ క్రితం ఆ అమ్మాయి ప్రయోగానికి ఒక బుడ్డి చేశాడు. చిటికెడు లోహం లోపల పెట్టి, గాలంతా తీసేసి, లేజరు వెలుగు పంపే బుడ్డి. మధ్యాహ్నం రెండింటికి ఓవెన్లో పెట్టాడు. నాలుగింటికి పెద్దసారు దిగివచ్చాడు. ఆయన ఆ సంస్థకు అధిపతి, ఆ అమ్మాయికి గైడు. ఆ మెట్లు దిగడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. మెట్లున్నాయని తెలియడం కూడా బహుశా అప్పుడే.

"రేపు మా ఆవిడ పుట్టినరోజయ్యా. పొద్దున్నకల్లా ఒక గాజు హంస కావాలి. నీ చేతిలో పనే కదా."

పెద్దసారు స్వయంగా వచ్చి అడిగాడు. ఊదుడు బాబాయ్ ఉబ్బిపోయాడు, బుగ్గలకు తోడు మిగతా ఒళ్ళంతా. ఓవెన్లో ఒక్క వస్తువే పడుతుంది. బుడ్డిని పెట్టిన రెండు గంటలకే బయటికి తీసి టీ ఫ్లాస్కు పక్కన పెట్టాడు. హంస రాత్రంతా రాజభోగంగా చల్లారింది. పొద్దున ఆ అమ్మాయి వచ్చి, "అయిపోయిందా బాబాయ్?" అంటే, "అయిపోయిందమ్మా" అన్నాడు. రంగుల పెట్టె అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది. చూస్తే కనపడుతుందని తెలుసు. అందుకే చూడలేదు.

తొమ్మిదో రోజు, ఆమె వేడి చేస్తుండగా బుడ్డి మెడ దగ్గర పగిలింది. లోపలి లోహం సిద్ధం చేసిన ఆరు నెలల పని పోయింది.

"ఇది క్వారీ కాదమ్మా, ల్యాబు," అన్నాడు పెద్దసారు అందరి ముందూ. "అదేమైనా బండరాయనుకున్నావా?"

"సారీ సార్. వేడి తొందరగా పెంచానేమో."

అప్పటికి ఊదుడు బాబాయ్ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి ఊడ్చాడు. చీపురు చప్పుడు తప్ప ఆయన వైపు నుంచి ఏమీ వినపడలేదు.

ఎనిమిది రోజుల్లో ఇంకో బుడ్డి చేసిచ్చాడు. దాన్ని ఓవెన్లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉంచాడు. కానీ లోహమూ కొలతలూ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఆ ఏడు ఫెలోషిప్ గడువు దాటిపోయింది. "వస్తే నాన్నని క్వారీ మాన్పించేదాన్ని బాబాయ్" అంది ఒకసారి, టీ తాగుతూ, ఏదో మామూలు విషయంలాగా. ఆమె తండ్రి ఇంకో ఏడాది దుమ్ములోకి వెళ్ళాడు.

ఇక హంస సంగతి. పెద్దసారు భార్య దాన్ని చూసి, "బాతు చాలా బాగుందండీ" అన్నదట. మర్నాడే అది ఆయన ఆఫీసు గది అలమరలోకి వచ్చేసింది. ఎంత వెతికినా దానిలో ఒక్క లోపం లేదు, ముక్కు ఒకటి తప్ప.

పదకొండింటికి పిలుపొచ్చింది. పెద్దసారు గదిలో వీడ్కోలు. టీ, బిస్కెట్లు, పదిహేను మంది. ఊదుడు బాబాయ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎటు తిరిగినా హంస ఆయన్నే చూస్తోంది. పదిమందిలోనే చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. నాలుక మీద మొదటి మాట పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"మీ పరిశోధనలో మీరు చేసిన ఒక తప్పు గురించి రాయండి అని ఫెలోషిప్ వాళ్ళు అడుగుతారు," అన్నాడు పెద్దసారు ఒక కాగితం పైకెత్తి. "మనమ్మాయి రాసిన పేజీ చదివి కమిటీ ప్రత్యేకంగా మెచ్చుకుంది. వినండి."

చదివాడు.

'మా నాన్న పనిలో తప్పు చేస్తే రాయి కాలి మీద పడుతుంది. తప్పంటే అదే అనుకుంటూ పెరిగాను. నా తొందర వల్ల ఇక్కడ ఒక గాజు బుడ్డి పగిలింది. దాన్ని చేసిన మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. ఊడ్చి, ఎనిమిది రోజుల్లో ఇంకోటి చేసిచ్చారు. తప్పు చేసినవాళ్ళు మళ్ళీ పనిచేసుకోగలిగే చోటు ఒకటి ఉంటుందని ఆయన దగ్గర నేర్చుకున్నాను. అలాంటి ల్యాబు ఒకటి నేనూ నడపాలి.'

అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఊదుడు బాబాయ్ చేతిలో బిస్కెట్టు టీలో విరిగిపడింది. ఆయన కూడా దానితోపాటు అందులోకే వెళ్ళిపోవాలనుకున్నాడు గానీ కప్పు చిన్నది.

అందరూ వెళ్ళాక ఆయన ఆగిపోయాడు. తలుపు దగ్గరకు వేశాడు. పెద్దసారుకు మొత్తం చెప్పాడు, ఓవెను, రెండు గంటలు, ఫ్లాస్కు, చీపురు, అన్నీ.

పెద్దసారు అలమరా వైపు చూశాడు.

"అంటే ఈ బాతు వల్లనా?"

"హంస సార్."

"ఆ రోజు నేను ఆ అమ్మాయిని ఏమైనా అన్నానా?"

"అన్నారు సార్."

"నాకు గుర్తులేదే." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడూ, ఇప్పుడు నువ్వు చెప్తే ఆ పేజీ అబద్ధమవుతుంది. ఆ పిల్ల సంగతి నీకు తెలుసుగా, వెంటనే కమిటీకి ఉత్తరం రాస్తుంది. మనం కాళ్ళు పట్టుకున్నా ఆగదు. తర్వాత వాళ్ళు ఏం చేస్తారో నేను చెప్పలేను. నీ మనసు తేలికవుతుంది, సరే. దానికోసం ఆ పిల్లకి మళ్ళీ ఎసరు పెడతావా?"

మెట్లు దిగుతుంటే ఊదుడు బాబాయ్‌కి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నోరు మూసుకోవడానికి ఇంత మంచి కారణం ఇన్నాళ్ళకు దొరికింది. ఆ హాయి తెలిసేసరికి తన మీద తనకే ఒళ్ళు మండింది. మిగతా మెట్లు గోడ పట్టుకుని దిగాడు.

మూడింటికి ఆ అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని గదిలోకి వచ్చింది. తండ్రి బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం పారల్లా ఉన్నాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వీపు వెనక దాచుకున్నాడు. చుట్టూ అంతా గాజే మరి.

"మీరేనాండీ బాబాయిగారు? ఇంట్లో ఎప్పుడూ మీ మాటేనండీ. మా తమ్ముళ్ళెవరూ ఇంత చేసి ఉండరు."

"నేనేం చేశానండీ," అన్నాడు ఊదుడు బాబాయ్. ఆ రోజు ఆయన అన్నవాటిలో అంత నిజం ఇంకోటి లేదు.

ఆ అమ్మాయి సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. లోపల పాత బుడ్డి మెడ, విరిగిన అంచుతో. దారంతో చిన్న చీటీ కట్టి ఉంది, ఆ రోజు తేదీతో.

"ఇన్నాళ్ళూ నా టేబుల్ మీదే పెట్టుకున్నా. ఇక నీ దగ్గర ఉంచు బాబాయ్. ఎవరైనా కొత్తవాళ్ళు పగలగొట్టి ఏడుస్తుంటే చూపించు. ఇదిగో, ఇంత మొద్దుది కూడా బాగుపడిందని చెప్పు."

"మొద్దుదేంటమ్మా..."

తండ్రి వంగి ఆ ముక్కను చూస్తున్నాడు. "రాయయితే ఎక్కడ కొడితే పగులుతుందో చెప్పగలనండీ. ఈ గాజు ఎలా పగులుతుంది?"

ఊదుడు బాబాయ్ విరిగిన అంచు మీద వేలు పెట్టాడు.

"లోపల ఒత్తిడి ఉండిపోతే పగులుతుందండీ. పైకి బాగానే ఉంటుంది. చల్లారకముందే బయటికి తీస్తే, ఎప్పుడో ఓసారి..."

"అందుకే నాన్నా, బాబాయ్ రాత్రంతా ఓవెన్లో ఉంచుతాడు," అంది ఆ అమ్మాయి.

"ఒక్కోసారి ఉంచనమ్మా," అన్నాడు ఆయన.

ఆ మాట పూర్తవుతుండగానే తండ్రికి దగ్గు తెర వచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయాడు. ఆమె ఆయన వీపు రాస్తూ మంచినీళ్ళ కోసం వెతికింది. ఊదుడు బాబాయ్ గ్లాసు అందించాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఏడాది పొడుగున్నట్టు అనిపించింది ఆయనకు. ఆగేసరికి బయట టాక్సీ హారన్ మోగుతోంది.

"ఏదో అన్నావు బాబాయ్?"

ఆమె ముఖంలోకి చూశాడు. పది మాటలూ అక్కడే ఉన్నాయి, వరసగా.

"జాగ్రత్తమ్మా అన్నాను. చేరగానే ఫోన్ చెయ్యి."

"చేస్తా. బుగ్గలు జాగ్రత్త!"

మెట్ల మీద రెండు జతల అడుగులు వినపడ్డాయి, మధ్యలో ఒకసారి దగ్గు. తర్వాత టాక్సీ తలుపు చప్పుడు. ఆ గదికి కిటికీ లేదు. వెళ్ళడం కనపడలేదు.

ఐదున్నరకు బర్నరు ఆపేసి, బల్ల తుడిచి, ఆ ముక్కను రంగుల పెట్టెలో పెట్టి దీపం వేశాడు. రెండేళ్ళు ఆలస్యంగా ఆ నాలుగడుగులూ వేశాడు. అతుకు దగ్గర చార ఉంది. పసుపూ ఎరుపూ కలిసి, గోరంత.

ఓవెను ఖాళీగా ఉంది. ముక్కను తీసుకెళ్ళి అందులో పెట్టాడు. తలుపు మూసి, రాత్రంతా చల్లార్చే మీట మీద వేలు పెట్టాడు. తెల్లారేసరికి చార పోతుంది. ఆ తర్వాత రంగుల పెట్టె కూడా తప్పు ఆ అమ్మాయిదేనంటుంది.

వేలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు తెరిచి ముక్కను బయటికి తీసి, మళ్ళీ నల్లటి పలకల మధ్య నిలబెట్టాడు. ఎవరైనా వచ్చి చూస్తే చూడనీ అనుకున్నాడు. టోపీ పెట్టుకుని, గది లైటు ఒక్కటే ఆర్పి, మెట్లెక్కాడు.

చీకట్లో పెట్టె వెనక దీపం వెలుగుతోంది. దాని ముందు విరిగిన గాజు మెడ, దారానికి వేలాడుతున్న చీటీ, అతుకు దగ్గర గోరంత రంగుల చార.