రెండు మూటలు

రామ్‌దాస్ తడి ఆకు మీద చిటికెడు తంబాకు పరిచి, బొటనవేళ్లతో చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి, కొస మడిచి చాటలో వేశాడు. ఇంకో ఆకు తీసుకున్నాడు. పొద్దున ఏడింటి నుంచి ఇదే పని. కాళ్లు తిమ్మిరెక్కితే మార్చి ముడుచుకుంటున్నాడు. వేళ్ల చివర్లు పసుపుపచ్చగా మారి ఎంత తోమినా పోవడం లేదు. బయట ఎండ దంచుతున్నా వీధి తలుపుకు గొళ్లెం పెట్టే ఉంది. వెలుతురు కోసం ఇంటికప్పులో రెండు పెంకులు పక్కకు జరిపారు.

తలుపు మూయమన్నది అతనే. బోధన్‌లో బీడీలు చేసేది ఆడవాళ్లు. ఆ వాడలో ఏ అరుగు మీద చూసినా నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని కబుర్లాడుతూ చేస్తుంటారు. వాళ్ల మధ్య మీసమున్న మనిషి ఒక్కడూ కనిపించడు. ఇరవై నాలుగేళ్ల వాడు, అందులోనూ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, చాట ముందు కూర్చున్నాడని తెలిస్తే ఊరంతా నవ్వుతుందని రామ్‌దాస్ భయం.

ఎదురుగా గోడకు ఆనుకొని పెంటవ్వ కూర్చుంది. ఆ ఇల్లు ఆమెదే, ముందుగది రామ్‌దాస్‌కు కిరాయికిచ్చింది. అరవై దాటిన మనిషి. పిల్లల్లేరు, మొగుడు పోయి పాతికేళ్లయింది. బీడీ కంపెనీలో కార్డు ఆమె పేరు మీదే ఉంది. పొద్దుగూకేటప్పుడు ఇద్దరి బీడీలూ ముందేసుకొని లెక్కపెట్టి, ఇరవై అయిదేసి కట్టలు కట్టేది కూడా ఆమే. "నీయి ఏడు నూర్లు, నాయి అయిదు నూర్లు" అని ఆమె చెప్పేది, రామ్‌దాస్ తలూపేవాడు.

"దొరా, కొస సక్కగ మడువు. గట్ల లూజుంటే కంపెనీల మున్షి అవతల పారేస్తడు," అంది పెంటవ్వ.

"మడుస్తనే ఉన్న గదనే అవ్వా."

"చేతులు మడుస్తున్నయి. మనసు హోటల్ కాడున్నది," అని నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

హోటల్ మాటెత్తితే రామ్‌దాస్‌కు ఇప్పటికీ చురుక్కుమంటుంది. మూడేళ్ల కింద ఎడపల్లి నుంచి వచ్చి ఫ్యాక్టరీ గోదాంలో చక్కెర బస్తాల మూతులు కుట్టే పనిలో చేరాడు. సీజన్ పని. చెరకు ఆడినన్నాళ్లే జీతం, ఎండలు ముదిరేసరికి పనీ ఉండదు, పైసా ఉండదు. వాలీబాల్ బాగా ఆడతాడని లేబొరేటరీలో పనిచేసే కుర్రాళ్లు అతన్ని తమ జట్టులో కలుపుకున్నారు. వాళ్లందరూ పర్మినెంటు. ఆట అయ్యాక బస్టాండు ముందరి హోటల్లో కూర్చునేవారు, రోజుకొకరి వంతు. రామ్‌దాస్‌ను ఎవరూ వంతు అడగలేదు. నాలుగో రోజు తనంతట తానే జేబులో చెయ్యి పెట్టాడు. ఆరుగురికి చాయలు, సమోసాలు. ఇక ఆ తర్వాత వంతు తప్పించుకుంటే చులకనైపోతానని అనిపించింది.

వాళ్లు టెరిలిన్ చొక్కాలు కుట్టించుకుంటే అతనూ కుట్టించుకున్నాడు. వాళ్ల చేతులకు గడియారాలున్నాయని తనూ కొన్నాడు. బూట్లు, నల్లకళ్లద్దాలు, నిజామాబాదుకు పోయి చూసే సినిమాలు సరేసరి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనే సామెత అతనికి తెలియనిది కాదు. వాత పెట్టుకునేటప్పుడు ఎవరికీ గుర్తురాదంతే. సీజన్ అయిపోయి జీతం ఆగింది కాని ప్యాంటు ఇస్త్రీ ఆగలేదు. సేటు దగ్గర తెచ్చిన రెండు వందలు వడ్డీతో, మళ్లీ తెచ్చిన చిల్లరమల్లరతో కలిసి నాలుగు వందల చిల్లర అయింది.

మొన్నటి ఎండాకాలంలో సేటు ఈ గుమ్మంలోకే వచ్చాడు. ఫ్యాక్టరీ మళ్లీ మొదలయ్యేలోపు బాకీ తీరకపోతే మొదటి జీతం రోజున గేటు ముందు నిలబడి అందరి ఎదుటా గల్లా పట్టుకుంటానన్నాడు. అతను పోయాక రామ్‌దాస్ మోకాళ్ల మధ్య తలపెట్టుకొని కూర్చుంటే పెంటవ్వ కాసేపు చూసింది.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె," అంది. తర్వాత లోపలికి వెళ్లి ఇంకో చాట తెచ్చి అతని ముందు పెట్టింది. "చేతులున్నయి గదరా. కూసో, నేర్పిస్త."

గడియారం, బూట్లు, కళ్లద్దాలు అమ్మితే కొంత తీరింది. మిగిలింది అయిదు నెలలుగా బీడీలతో తీరుస్తున్నాడు. స్నేహితులతో మాత్రం బాపుకు ఒంట్లో బాగాలేదని, ఎడపల్లిలో ఉంటున్నానని అబద్ధం చెప్పాడు. బయటికి పోవాలంటే పొద్దుగూకాక వెనక సందులోంచి పోయేవాడు. ఇప్పుడు ఇరవై రూపాయల బాకీ మిగిలింది. ఫ్యాక్టరీ మొదలు కావడానికి అయిదు రోజులే ఉంది.

ఆ రోజు గురువారం, బీడీలు కంపెనీలో ఒప్పజెప్పే రోజు. మధ్యాహ్నం పెంటవ్వ గంప ఎత్తుకోబోయి మళ్లీ కూర్చుండిపోయింది.

"ఇయ్యాల నువ్వు పో కొడుకా. రొమ్ముల పట్టుకున్నట్టున్నది."

కంపెనీకి పోవాలంటే బస్టాండు దాటాలి. ఇంకో తోవ లేదు.

"రేపు పోదమే అవ్వా."

"రేపు తీసుకోరు. మళ్ల వారం దాక సేటు ఆగుతడా?" అని రెండు మూటలు గంపలో సర్దింది. "తెల్లగుడ్డది నీది, ఎర్రది నాది. పైసలు ఏరేరుగ తే, కలిపితే నాకు తెల్వది."

రామ్‌దాస్ చాటలో మిగిలిన పొడి దులిపి, గంప నెత్తిన పెట్టుకొని బయటపడ్డాడు. ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టం పొగ లేకుండా నిలబడి ఉంది. బజారులో కూరగాయలమ్మే ఆడవాళ్లు మరాఠీలో బేరాలాడుతున్నారు. తల వంచుకొని గబగబా నడిచాడు. అయినా ఏం లాభం, హోటల్ బల్ల మీద కూర్చున్న అయిదుగురికీ కనబడనే కనబడ్డాడు.

"ఏమోయ్ రామ్‌దాస్! ఎడపల్లిల ఉన్ననంటివి?" రాజేశ్వర్ లేచి వచ్చాడు. అతను లేబొరేటరీలో చెరకురసం పరీక్ష చేస్తాడు, అందరికంటే ఖరీదైన చొక్కాలు అతనివే. "నెత్తి మీద ఏందది?"

ఇల్లుగల అవ్వ సామాను అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని అయిదు నెలలుగా అబద్ధం మోసి మోసి అతనికి మెడ నొప్పి పుట్టింది.

"బీడీలు. నేనే చేసిన."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజేశ్వర్ నవ్వలేదు.

"నువ్వా? ఎందుకు?"

"బాకీ ఉన్నది. ఫ్యాక్టరీ శురువయ్యేటాల్లకు కట్టాలె."

రాజేశ్వర్ రెండడుగులు పక్కన నడిచి, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నా గడియారం గుడ కిస్తు మీదనే ఉన్నదిరా. ఇంట్ల తెల్వది." తర్వాత కొంచెం గట్టిగా, "చాయ తాగి పో. ఇయ్యాల నా వంతు," అన్నాడు.

"ఇంకోపారి తాగుత. మున్షి లేచి పోతడు."

ఇంతేనా అనుకున్నాడు రామ్‌దాస్ నడుస్తూ. ఇంతదానికా తలుపు మూసుకొని కూర్చున్నది! ఒళ్లు తేలికపడి నవ్వొచ్చింది.

కంపెనీలో మున్షి భోజన్న తెల్లమూట విప్పి, ఒక కట్ట తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఇంకో కట్ట తీశాడు.

"పెంటవ్వ రాలేదా?"

"పానం బాగలేదు. ఆ మూట నాది, ఎర్రది అవ్వది."

భోజన్న కళ్లద్దాల మీదుగా అతని వంక చూశాడు. "నీదా? అవ్వది ఎడమ చెయ్యి, ఆకు గిటు తిరుగుతది. నీది గటు. సూడు."

పెంటవ్వది ఎడమచేతి వాటమని రామ్‌దాస్‌కు తెలుసు. కట్టలు విప్పి చూడాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. భోజన్న తెల్లమూటలోని కట్టలను రెండు వరసలుగా పేర్చాడు. అవ్వ చేతి వరస అతని దానికంటే కొద్దిగానే చిన్నది. ఎర్రమూటలో ఉన్నవి ఎట్లాగూ ఆమెవే.

"అయిదు నెలల సంది గిట్లనే తెస్తున్నది. రెండు మూటలల్ల ముసల్ది చేసినయే ఎక్కువ. ఏంది కథ అంటే, 'నీకెందుకు, లెక్కవెట్టు' అంటది."

రామ్‌దాస్ వేళ్లతో బల్ల అంచు పట్టుకున్నాడు. రోజుకు ఏడు వందలు చేస్తున్నానని ఎంత గర్వపడ్డాడు! తన చెయ్యి తిరిగిందని మురిసిపోయాడు. చేసింది నాలుగు వందలే. పొద్దుగూకాక కూడా ఆమె దగ్గుతూ ఎందుకు చేసేదో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో, ప్రేమతో కళ్లు నిండాయి. భోజన్న ఇచ్చిన డబ్బును రెండు జేబుల్లో వేరువేరుగా వేసుకోవడం కూడా అతనికి చేతకాలేదు.

తిరిగి వస్తూ దారంతా మనసులో ఆమెతో పోట్లాడాడు. డబ్బంతా ఆమె ఒళ్లో పోయాలి, రేపే ఆసుపత్రికి తీసుకుపోవాలి, సేటు గేటు ముందు నిలబడితే నిలబడనీ. హోటల్ ముందు నుంచి మళ్లీ వెళ్లాడు కాని అక్కడ ఎవరున్నారో చూడనేలేదు.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గాలి ఆడక ఆమే తీసినట్టుంది. లోపల పెంటవ్వ ఎప్పటిలాగే గోడకు ఆనుకొని, తల కొంచెం పక్కకు వాల్చి కూర్చుంది.

"అబద్ధాలాడుతవానే అవ్వా నాతోని? నేనెప్పుడు చేసిన ఏడు నూర్లు?"

ఆమె పలకలేదు. రామ్‌దాస్ గంప దించి, దగ్గరికి వెళ్లి ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. అది చల్లబడి ఉంది. అతని కేకకు అరుగుల మీది ఆడవాళ్లు చాటలు దించి పరుగెత్తుకొచ్చారు. ఒకామె పెంటవ్వ రెప్పలు మూసింది, ఇంకొకామె రామ్‌దాస్ భుజం మీద చెయ్యి వేసింది. అవ్వను పడుకోబెట్టడానికి చోటు చేస్తూ అతను చాటలు రెండూ పక్కకు తీశాడు.

ఆమె చాటలో ఒక్క బీడీ కూడా లేదు. అతని చాటలో నూటికి పైగా ఉన్నాయి, అన్నిటికీ ఆకు ఎడమ చేతి వైపే తిరిగి ఉంది.