మోచేతి పైన గాజులు

నా పెండ్లాం రూప్లికి మోచేతుల పైన తెల్లగాజులుంటయి. పెండ్లినాడు తొడిగినవి. మా తండాల మొగుడు పోతేనే వాటిని తీస్తరు. బతికుండంగ తీస్తే మొగుడి ఆయుష్షు తీసినట్టేనని దాని నమ్మకం. నేనేమో గుండ్రాయి లెక్క ఉన్న. ఏన్కూరు కాడ మిర్చి తోటల ఇప్పటికీ మందు కొడుత. నాకేం రోగం?

రోగమంతా దానికే. కడుపుల గడ్డ. ఖమ్మం దవాఖానాల ఆపరేషన్ అన్నరు. తీరా మత్తిచ్చే డాక్టరమ్మ, సుజన మేడం, గుండె స్కాన్ చూసి నన్ను పక్కకు పిలిచింది.

"పూల్‌సింగ్ గారూ, ఆమె గుండె సగం కూడా పనిచేస్తలేదు. మత్తు తట్టుకుంటదని నేను మాటియ్యలేను. ఆపరేషన్ చెయ్యకపోతే గడ్డ ఊకోదు."

"గట్లయితే చెయ్యుండ్రి మేడం. ఇంకేం దారుంది?"

"చేస్తం. కానీ ఆ గాజులు తియ్యాలె. బీపీ పట్టా అక్కడే కట్టాలె."

రూప్లి ఒక్కటే లొల్లి. "సస్తే సస్త గానీ ఇవి తియ్యనియ్య! ఈయన్ను సంపుకొని నేను బతకాల్నా?"

నాకు మండింది. "ఓసి పిచ్చిదానా, నీ ముంగటనే నిలబడ్డ గదనే! నన్ను సూడు, గాజులను కాదు!" అని తిట్టిన. మా కొడుకు రాజేష్ నెత్తీ నోరూ కొట్టుకుండు. ఇనలే. ఆఖరికి దాని పక్కన కూసున్న. "నువ్వు పోతే నేను బతుకుతననుకున్నవా?" అన్న.

అప్పుడు చెయ్యి చాపింది. సబ్బు రాసినా రాలే. కట్టర్‌తోని నా చేతులతోనే కోసిన. గాజుల కింద తోలు పసిపిల్ల తోలు లెక్క ఉంది. కోసినంతసేపు అది నా దిక్కు సూడలే.

లోపలికి తీస్కపోయిన్రు. చాయ్ చల్లారకముందే మేడం బయటికొచ్చింది. మొహం సూడంగనే లేచి నిలబడ్డ.

"మత్తు మొదలుపెట్టంగనే గుండె ఆగబోయింది. ఎట్లనో నిలబెట్టినం. ఇంక ఆపరేషన్ ఎవ్వరూ చెయ్యలేరు. ఇంటికి తీస్కపోండి, నొప్పి తెలవకుండ మందులిస్త."

"మరి గడ్డ?"

"అట్లనే ఉంటది."

గాజుల ముక్కలు తువ్వాలల మూట కట్టుకొని కూసున్న. ఉత్తగనే కోసిన్నా? నా మీద నాకే అసహ్యమేసింది.

పొద్దుగూకంగ రూప్లి కండ్లు తెరిచింది. కడుపు తడుముకోలే, ఆపరేషన్ అయిందా అని అడగలే. బోసి చెయ్యి మెల్లగ లేపి నా ముక్కు కాడ పెట్టింది. ఊపిరి తగిలేదాక అట్లనే ఉంచింది.

"బతికే ఉన్నవయ్యా," అని నవ్వింది. "ఇగ నాకేం భయం లేదు."

"అవ్," అన్న. గడ్డ సంగతి చెప్పనీకి నోరు రాలే.