జానెడు కొస

పొద్దున షెడ్డు తలుపు తీయగానే అమృతమ్మ మొదట చేసే పని మిషన్‌కు దండం పెట్టడం కాదు, దూది నూగు తుడవడం. నూగు సూదుల మీద పేరుకుంటే బట్టలో గీత పడుతుంది. దండం ఆ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు దండం పెట్టి వెనక పని చెడగొట్టేవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

గద్వాల నుంచి ధరూర్ పోయే రోడ్డు పక్కన ఉంది ఆ షెడ్డు. అక్కడ బనియన్ల బట్ట తయారవుతుంది. మిషన్ గుండ్రంగా గానుగలా ఉంటుంది. చుట్టూ ఇనుప చట్రానికి నూలు కోన్లు. ప్రతి కోను నుంచి ఒక దారం పైకి పోయి, పింగాణీ కంట్లోంచి దూరి, నడుమ వలయంగా నిలబడ్డ సూదుల దగ్గరికి దిగుతుంది. సూది కొనకు కొక్కెం, కొక్కేనికి చిన్న నాలుక. మిషన్ తిరుగుతుంటే సూదులు ఒకదాని వెనక ఒకటి లేచి దారం అందుకుంటాయి, పాత ఉచ్చులోంచి కొత్త ఉచ్చు లాగి కిందికి దిగుతాయి. బట్ట గొట్టంలా జారి అడుగున రోలుగా చుట్టుకుంటుంది. పడుగు లేదు, పేక లేదు. ఉచ్చులో ఉచ్చు, అంతే.

అమృతమ్మ మగ్గాల ఇంట్లో పుట్టింది, మగ్గాల ఇంటికే కోడలైంది. భర్త బాలస్వామి ఇప్పటికీ చీరలు నేస్తాడు. ఒక్క మగ్గం మీద ఇల్లు నడవక ఆమె షెడ్డుకు వచ్చింది గాని, వాళ్ల వీధిలో పడుగు అతకడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పాత కొసకు కొత్త కొస ఆనించి, వేలికి కాస్త బూడిద అద్దుకుని, ముడి వేయకుండా మెలిపెట్టేది. ఆ అతుకు ఎక్కడుందో నేసినవాడికి కూడా దొరికేది కాదు. కొత్త కోడళ్లు ఆమె పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు. షెడ్డులో ఆ సంగతి ఎవరికీ అక్కరలేదు.

ఎదుటి మిషన్ మీద స్రవంతి పనిచేస్తుంది. ధరూర్ దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. మొన్నమొన్నటిదాకా చేనులో పత్తి ఏరిన పిల్ల. ఆమె మిషన్‌లో దారం తెగితే అందరి మిషన్లలాగే ఎర్ర దీపం వెలుగుతుంది, మిషన్ ఆగుతుంది. తర్వాత తెగిన కొస పాముపిల్లలా తల ఎత్తుతుంది. అటూ ఇటూ చూసి, తన కంట్లో తానే దూరి, అవతలి కొసను వెతుక్కుని కలిసిపోతుంది. స్రవంతి బటన్ నొక్కుతుంది.

దీన్ని షెడ్డులో ఎవరూ వింతగా చూడలేదు. కొందరు నాటిన మొక్క బతుకుతుంది. కొందరు నిమిరితేనే బర్రె పాలు చేపుతుంది. ఇదీ అంతే.

అమృతమ్మకు మాత్రం అది కడుపులో నిప్పు.

"అమృతక్కా, నీ దారం గిట్ల లేస్తలేదేంది? నీ మీద అలిగిందా?" అన్నాడు ఒకరోజు ఫిట్టర్ శ్రీశైలం.

"నా దారానికి సిగ్గున్నది. పదిమందిల లేచి ఆడదు."

అందరూ నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. ఆ నవ్వే అమృతమ్మకు ముల్లులా దిగింది.

ఇంట్లో ఆ మాట ఎత్తితే బాలస్వామి మగ్గం మీద నుంచి తల తిప్పకుండానే అన్నాడు: "దారం కాకముందు అది పత్తే గదనే. ఏరిన చేతిని మరువదేమో."

"అయితే నాలుగు తరాల నుంచి నేసిన చేతిని మరుస్తదా?" అని ఆమె అన్నం పళ్లెం పక్కకు నెట్టింది.

అప్పుడే కొత్త మిషన్ మాట వచ్చింది. రంగురంగుల చారలు అల్లే మిషన్. దాని మీద నిలబడే మనిషిని సేటు శివశంకర్ తిరుప్పూరుకు పంపి పని నేర్పిస్తాడు, తిరిగి వచ్చాక ఆ మనిషే మిగతావాళ్లకు నేర్పాలి. అమృతమ్మ లేదా స్రవంతి. ఎవరి రోలు శుభ్రంగా దిగితే వాళ్లదే కొత్త మిషన్ అన్నాడు సేటు. నేర్పే మనిషి కావడం! అమృతమ్మ జీవితంలో పోగొట్టుకున్నది అదొక్కటే.

రోలు చూడటానికి సేటు వస్తానన్న రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగాయి. అందరూ చాయ్ హోటల్‌కు నడిచారు. అమృతమ్మ తలనొప్పి అని ఉండిపోయింది.

స్రవంతి మిషన్ దగ్గరికి పోయి, దారం తెగితే మిషన్‌ను ఆపే దీపం వైరు పీకింది. కత్తెర తీసి దారాలన్నీ వరసగా కోసింది. కరెంటు వచ్చి మిషన్ తిరిగితే సూదులకు దారం అందదు. ఉచ్చులన్నీ జారి బట్ట మొత్తం ఊడి కింద పడుతుంది. తిరుగుతున్న మిషన్ ముందు ఏ కొస తల ఎత్తినా లాభం లేదు.

అసూయ మనిషి చేతిని చెడ్డపనికి తిప్పుతుంది. కానీ చేతికి పట్టిన పద్ధతిని మార్చలేదు. మగ్గాల ఇంట్లో ఎవరూ దారాన్ని మొదలుకు కొయ్యరు. తర్వాత అతకడానికి జానెడు కొస వదిలి కోస్తారు. అమృతమ్మ కూడా ప్రతి కంటి దగ్గర జానెడు కొస వదిలి కోసింది. వదిలినట్టు ఆమెకే తెలియదు.

కరెంటు వచ్చింది. అందరూ వచ్చారు. ఎర్ర దీపం వెలగలేదు కాబట్టి స్రవంతి దారాల వైపు చూడకుండానే చేతులు తుడుచుకుని బటన్ మీద వేలు పెట్టింది.

అప్పుడు దారాలు లేచాయి. ఒకటి కాదు, అన్నీ. కోన్ల వైపు కొసలు, సూదుల వైపు కొసలు నిటారుగా నిలబడ్డాయి. అయితే ఈసారి తమ కళ్లను వెతుక్కోలేదు. గాలికి వరికంకులు ఒరిగినట్టు అన్నీ ఒక్క దిక్కుకే ఒరిగి అమృతమ్మ వైపు చూశాయి.

స్రవంతి బటన్ మీద నుంచి వేలు తీసింది.

శ్రీశైలం దగ్గరికి పోయాడు. వేలాడిన కొసల్లో ఒకదాన్ని తన జానతో కొలిచాడు. ఇంకొకటి కొలిచాడు. అమృతమ్మ మొహంలోకి ఒకసారి చూసి, పీకిన వైరు మళ్లీ తగిలించాడు.

"అక్కా, అవి నిన్నే పిలుస్తున్నయ్. రా," అంది స్రవంతి. గొంతులో కోపం లేదు.

"హోటల్ పొయ్యిల నుంచి జర బూడిద తెండి," అంది అమృతమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

కొస వెంట కొస ఆమె వేళ్ల మధ్యకు దానంతట అదే వచ్చి పడుకుంది. బూడిద అద్ది, మెలిపెట్టి వదిలితే ఇంకొకటి వచ్చేది. షెడ్డుకు వచ్చినప్పటి నుంచి ఆమె దారాలకు ముడులే వేసింది గాని, ఈ పని చేయలేదు. వేళ్లు మరిచిపోలేదు.

పక్కన నిలబడ్డ శ్రీశైలం మెల్లగా అన్నాడు: "నీ మిషన్ల దారం తెగితే దీపం సక్కగ వెలగకముందే పట్టుకుంటవ్. ఏనాడన్న లేవనిస్తివా అక్కా?"

ఆమె ఇంకో కొసకు బూడిద అద్దింది.

సేటు వచ్చేసరికి స్రవంతి మిషన్ తిరుగుతోంది. దారాలన్నీ తెగి లేచిన సంగతి గుమ్మంలోనే ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన రోలు మీద అరచేయి పెట్టి నిమిరాడు. ముడి తగల్లేదు, బొక్క కనపడలేదు.

"ఎవరు అతికిండ్రు?"

"అమృతక్క," అంది స్రవంతి.

"అన్ని దారాలు ఒక్కసారి ఎట్ల తెగినయ్?"

అమృతమ్మ నోరు తెరిచింది.

"కరెంటు పోయినప్పుడు, సేటు," అంది స్రవంతి.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

"దారాలన్ని నీ దిక్కే లేచినయంట గదమ్మా!" సేటు అమృతమ్మ వైపు తిరిగి సంబరపడ్డాడు. "ఇగ అడిగేదేముంది? కొత్త మిషన్ నీదే."

అమృతమ్మ తిరుప్పూరు పోయి వచ్చింది. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో, ఏ రంగు కోను ఎక్కడ పెట్టాలో అందరికీ నేర్పింది. అయితే ఆమె నిలబడ్డ మొదటి రోజు నుంచి కొత్త మిషన్‌లో ఒక్క దారం తెగలేదు. ఈనాటికీ తెగలేదు. తెగితేనే కదా అతకడం. అదృష్టపు చెయ్యి అంటారు అందరూ.

స్రవంతి మిషన్‌లో దారాలు ఆ రోజు తర్వాత తల ఎత్తడం మానేశాయి. తెగితే ఆమే వేలికి బూడిద అద్దుకుని మెలిపెడుతుంది. మొదట్లో సగం అతుకులు ఊడేవి. నవ్వి మళ్లీ పెట్టేది. ఇప్పుడు చెయ్యి కుదురుతోంది.

"అక్కా, గిట్లనేనా?" అని అటు నుంచి కేకేస్తుంది.

"ఇంకొంచెం మెలి పెట్టు," అంటుంది అమృతమ్మ ఇటు నుంచి. అంటూ ఆ పిల్ల వేళ్ల వైపే చూస్తుంది, ఒకప్పుడు ఆ దారాల వైపు చూసిన కళ్లతోనే.

అమృతమ్మ రోజూ పొద్దున ఇంటి పొయ్యిలోంచి చిటికెడు బూడిద కొంగున ముడి వేసుకుని పనికి వస్తుంది. సాయంత్రం ఆ ముడి విప్పకుండానే ఇంటికి పోతుంది.