ఇనపకొట్టుకు నేను పోను

నేను ఒక నల్ల సైకిల్ని. ఇరవై నాలుగంగుళాల చట్రం, ఇనప కడ్డీల బ్రేకులు, ఇప్పటికీ వంగని నడుము. నన్ను కొన్నది 1974 జూన్ తొమ్మిదిన. ఆ పూట విజయనగరంలోని మా ఇంట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నారు. ఎందుకు గుర్తంటే, సుగుణమ్మగారు నా హ్యాండిల్‌కు పసుపు రాసినప్పుడు ఆ చేతికి ఇంకా ఆవ ఘాటు ఉంది.

ఆవిడ భర్త భాస్కరంగారు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లు నా మీదే వెళ్లొచ్చారు. సుగుణమ్మగారు పోయి నాలుగేళ్లయింది. ఆయన మోకాళ్లు నడవనివ్వవు గాని తొక్కనిస్తాయి. మనుషుల కీళ్ల న్యాయం నాకు అంతుపట్టదు. సాయంత్రం గ్రంథాలయానికి పోవాలన్నా, నలుగురి మొహాలు చూడాలన్నా ఆయనకు నేనే దిక్కు.

మొన్న వానాకాలంలో వాటర్‌ట్యాంకు వాలు దిగుతుంటే నా ముందు బ్రేకు పట్టలేదు. ఎండి రాయైపోయిన రబ్బర్లు ఏం పడతాయి? ఇసుకకుప్ప ఒకటి అడ్డుపడి ఇద్దర్నీ కాపాడింది. దోక్కుపోయిన మోచేత్తో ఇంటికొస్తే ఆయన అక్కగారు నరసమ్మ గుమ్మంలోనే నిలదీశారు.

"ఏరా, నీ ఎముకలు ఏరుకోడానికా నేను ఈ ఇంట్లో ఉన్నది? ఆదివారం పాత ఇనప సామాన్లవాడొస్తాడు. ఇచ్చి పారేస్తాను."

"అప్పటికీ బ్రేకు కుదరకపోతే అలాగే ఇద్దువుగాని అక్కయ్యా."

నన్నే చేతికర్రగా పట్టుకుని, కుంటుతూ నాలుగు దుకాణాలు తిరిగారు. అన్నిచోట్లా చక్రాన్ని పక్కల నుంచి నొక్కే కొత్తరకం రబ్బర్లే. నావి రిమ్మును లోపలివైపు నుంచి పైకి లాగి పట్టేవి. "ఇంకా తొక్కుతున్నారాండీ దీన్ని?" అని ఒకాయన నవ్వాడు. అతని దుకాణంలో వేలాడుతున్న రంగుల సైకిళ్ల వంక నేను కన్నెత్తి చూడలేదు.

చివరికి వాలు దిగువన సైకిల్ షాపు పెట్టుకున్న పైడయ్య, పాత డబ్బాలన్నీ బోర్లించి, ఒక కాగితం పొట్లం విప్పాడు.

"ఇవిగో మాస్టారూ, మీ సైకిల్ ఈడువే. ఉండండి, నాను బిగించేత్తాను."

"ఘర్షణ మీద ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠం చెప్పానయ్యా. నేను బిగించుకోలేనా?"

చదువుకున్నవాళ్ల చేతిలో స్పానరు చూస్తే నాకు దడ. రబ్బరు కూర్చునే ఇనపగూడు ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచి ఉంటుంది. మూసిన వైపు ముందుకుండాలి. ఆయన తెరిచిన వైపును ముందుకు పెట్టారు. నోరుంటే అరిచేదాన్నే. శనివారం వాలులో బ్రేకు నొక్కగానే చక్రం రెండు రబ్బర్లనూ ఈడ్చి రోడ్డు మీదికి విసిరేసింది. చెప్పులు అరగదీసి నన్ను ఆపుకున్నారు.

ఆదివారం పొద్దున్నే ఇనప సామాన్లవాడు నన్ను ఎత్తి బరువు చూశాడు. ఎత్తనీ, నేను లొంగుతానా? స్టాండు మీద బిగుసుకు నిలబడ్డాను. అంతలో పైడయ్య గుప్పిట్లో రబ్బర్లతో వచ్చాడు.

"నా షాపు ముందల దొరికేయి మాస్టారూ. గూడు తిరగేసి బిగించీసినారు. తలుపు తెరిసి ఎడితే లోపలోడు పోడేటండీ?"

భాస్కరంగారు వంగి గూడు చూశారు. చెవులదాకా ఎర్రబడ్డారు.

"తప్పు నాది అక్కయ్యా, దీనిది కాదు. నేను ఇవ్వను."

"ఇవ్వవూ? అయితే పైడయ్యను బిగించనీ. వాలు కింద నేను నిలబడతాను. నా ముందు ఆపు, చూస్తాను."

అన్నంత పనీ చేశారు. నడిరోడ్డు మీద కొంగు బిగించి నిలబడ్డారు. మేం దిగాం. రబ్బర్లు కిర్రుమన్నాయి. ఆవిడ కాలి వేళ్లకు జానెడు ఇవతల ఆగాను. ఆవిడ అంగుళం వెనక్కి జరగలేదు. నేను అంగుళం ముందుకు పోలేదు.

ఇనప సామాన్లవాడికి చిల్లుపడ్డ అట్లపెనం దక్కింది.

ఇన్నేళ్లూ నా మకాం వసారాలో, జల్లు కొట్టేచోట. ఆ రాత్రి నరసమ్మగారే నన్ను తుడిచి ముందుగదిలోకి నెట్టుకొచ్చారు. లోపల తమ్ముడు నిద్రపోతున్నాడు. ఆవిడ ఒకసారి నా బ్రేకు నొక్కి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూశారు.